బాలల చూపునకు కావలి

శ్రీమద్భాగవతము షష్ఠస్కంధములోని అజామిళోపాఖ్యానమును ఎరుగని వైష్ణవ గృహము ఉండదు. మరణకాలమున కుమారుని పేరు పెట్టి పిలిచి, ఆ మిషతో నారాయణ నామమును ఉచ్చరించి తరించినవాని కథగా అది లోకమున ప్రసిద్ధమైనది. తెలుగున ఈ స్కంధమును ఏర్చూరి సింగన రచించెను. నామమహిమను చెప్పవలసినప్పుడు పెద్దలు ఈ కథలోని ఉత్తరార్ధమునే తరచుగా వినిపింతురు. పూర్వార్ధములో మరియొక పాఠము కలదు. నేటి తల్లిదండ్రులు శ్రద్ధతో గమనింపవలసినది ఆ పాఠమే.

అజామిళుడు పుట్టుకతో దుష్టుడు కాడు. కన్యాకుబ్జ నగరమున శాస్త్రములు చదివినవాడు, శీలవంతుడు, గురువులను, అతిథులను, వృద్ధులను భక్తితో సేవించినవాడు. ఒకనాడు తండ్రి ఆజ్ఞచే అడవికి పోయి పండ్లు, పూలు, సమిధలు, దర్భలు సేకరించి తిరిగి వచ్చుచుండగా, త్రోవలో మద్యము త్రాగి మత్తిల్లిన ఒక కాముకుని, వానితో కూడియున్న స్త్రీని చూచెను. ఆ దృశ్యమును వెదకుకొనుచు అతడు పోలేదు. అదియే అతని త్రోవకు అడ్డము వచ్చినది. తన చదువును, ధైర్యమును అంతయు కూడదీసికొని మనస్సును నిలుపుకొన యత్నించెను, సాధ్యము కాలేదు. ధర్మపత్నిని విడిచెను, జూదము, వంచన, చౌర్యము జీవికగా చేసికొనెను. అంతటి పతనమునకు మొదలు ఒక్క చూపు.

శాస్త్రము చదివిన యువకుని గతియే ఇట్లైనప్పుడు, మంచిచెడుల తారతమ్యము ఇంకను తెలియని పదియేండ్ల పసివాని సంగతి ఏమి? ఈ ప్రశ్న నేడు ప్రతి గృహస్థుని ముందు నిలిచియున్నది.

నేటి త్రోవ

నేటి బాలుడు సమిధల కొరకు అడవికి పోవుట లేదు. పాఠము కొరకు, పాట కొరకు, ఆట కొరకు సెల్‌ఫోనును చేతబట్టుచున్నాడు. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ వ్యాధి కారణముగా బడులు మూతపడినప్పుడు చదువే ఫోను తెరమీదికి వచ్చినది. అంతవరకు పిల్లల చేతికి ఫోను ఇయ్యని ఇండ్లలో సైతము ఇయ్యక తప్పలేదు. బడులు తెరచిన తరువాత పెక్కు ఇండ్లలో ఆ ఫోను తిరిగి పెద్దల చేతికి రాలేదు.

అంతర్జాలము స్వతః చెడ్డది కాదు. మారుమూల గ్రామములోని బాలిక గణితములో తన సందేహమును దాని మూలముననే తీర్చుకొనగలుగుచున్నది. దూరదేశమందున్న మనుమడు తాతగారి ముఖము చూచుచు మాటలాడుచున్నాడు. ఆలయమునకు రాలేని వృద్ధులు ఇంటనే కూర్చుండి దివ్యప్రబంధ పారాయణము వినుచున్నారు. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 17వ అధికరణము రెండు మాటలను జోడించి చెప్పినది. బాలునకు మేలు చేయు సమాచారము అందవలెను. హాని చేయు సమాచారమునుండి అతనికి రక్షణ కలుగవలెను. భారతదేశము 1992లో ఈ ఒడంబడికలో చేరినది. ఈ రెండు మాటలలో ఏ ఒక్కటి విడిచినను రెండవది కుంటుపడును.

హాని అనగానే అశ్లీల దృశ్యములే చాలమందికి స్ఫురించును. అవి మాత్రమే కావు. క్రూరహింసను వినోదముగా చూపునవి కలవు. ఆట వేషమున జూదము నేర్పునవి కలవు. రంగును, రూపమును ఎత్తిపొడిచి పసివారి మనస్సులలో న్యూనతను నాటునవి కలవు. ఆత్మహానికి పురికొల్పునవి సైతము కలవు. ఈడువాడనని నమ్మించి స్నేహము నటించు అపరిచితులు వీనికన్న ప్రమాదకరులు.

ఇచట ఒక విశేషమును తెలిసికొనవలెను. అజామిళునకు ఆ దృశ్యము యాదృచ్ఛికముగా ఎదురైనది. నేటి తెరమీద దృశ్యములు చాలవరకు యాదృచ్ఛికములు కావు. చూచువాడు దేనియొద్ద ఒక క్షణము ఎక్కువగా నిలిచెనో యంత్రము లెక్కించుచుండును. అట్టిదానినే మరల మరల ముందుంచును. ఒక దృశ్యము ముగియగానే అడుగకయే మరియొకటి మొదలగును. చూచువాడు ఎంత ఎక్కువసేపు కూర్చుండిన సంస్థకు ప్రకటనల రాబడి అంత ఎక్కువ. ఎదుటనున్నవాడు ముప్పదియేండ్లవాడా, ఎనిమిదేండ్లవాడా అను విచారణ ఆ లెక్కకు సహజముగా లేదు. ఆ విచారణను దానికి కలిగించుటకే శాసనము కావలసివచ్చినది.

ద్వారమున నిలిచినవాడు

వయసునుబట్టి దృశ్యములను విభజించుట మన దేశమునకు కొత్త కాదు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టము క్రింద, పెద్దలకు మాత్రమే తగిన చిత్రములకు 'ఎ' అను ముద్ర ఏర్పడినది. 1983లో తల్లిదండ్రుల మార్గదర్శకత్వమున చూడదగిన చిత్రములకు 'యు/ఎ' అను తరగతిని చేర్చిరి. 2023లో ఆ తరగతినే మరల ఏడేండ్లు, పదమూడేండ్లు, పదునారేండ్లు అని మూడు మెట్లుగా విడదీసిరి. ముద్రిత గ్రంథముల విషయములో 1956లోనే, నేరములను, క్రౌర్యమును బొమ్మల కథలుగా చూపి యువజనులను చెరచు ప్రచురణలను నిషేధించుచు ఒక చట్టము వెలువడినది. దాని దృష్టిలో ఇరువదియేండ్లు నిండనివారందరు యువజనులే.

ఆ ఏర్పాటులకు బలము ఒక ద్వారము. సినిమాహాలు వాకిట టిక్కెట్టు చింపువాడు నిలిచియుండెను. పుస్తకముల అంగడిలో యజమాని ఎదుట కూర్చుండియుండెను. నిక్కరు తొడిగిన బాలుడు 'ఎ' ముద్ర గల చిత్రమునకు వచ్చినచో, ఎవరి పిల్లవాడో గుర్తించి వెనుకకు పంపు పెద్దమనిషి ఊరిలో ఎవడో ఒకడు ఉండెను. సెల్‌ఫోనునకు వాకిలి లేదు. వాకిట మనిషియు లేడు. పుట్టినతేది ఏమని అది అడుగును, పిల్లవాడు తనకు తోచిన సంవత్సరమును వ్రాయును, తలుపు తెరచుకొనును. లేని ద్వారపాలకుని తిరిగి నిలుపు యత్నమే నేటి శాసనములన్నిటి సారము.

మన శాసనములు

మన దేశమున ఈ విషయమును ఒక్క చట్టము గాక కొన్ని చట్టములు కలిసి కాపాడుచున్నవి. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టమునకు 2008లో చేసిన సవరణ 2009 అక్టోబరు 27న అమలులోనికి వచ్చినది. దాని 67-బి విభాగము పిల్లలను అసభ్యముగా చూపు దృశ్యములను ప్రచురించుట, పంపుట మాత్రమే గాక వెదకుట, దించుకొనుట, చేర్చిపెట్టుకొనుట కూడ నేరమని చెప్పినది. మొదటిసారి ఐదేండ్ల వరకు చెరసాల, పది లక్షల రూపాయల వరకు జుర్మానా విధింపవచ్చును. రెండవసారి చెరసాల ఏడేండ్ల వరకు పెరుగును.

2012 నవంబరు 14న అమలులోనికి వచ్చిన పోక్సో చట్టము, దురుద్దేశముతో పిల్లలకు అశ్లీల దృశ్యములు చూపుటను సైతము లైంగిక వేధింపుగా పరిగణించినది. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, పిల్లల దృశ్యములను అశ్లీల చిత్రములని తేలికగా పేర్కొనరాదని, అవి పిల్లలపై జరిగిన దౌర్జన్యమునకు సాక్ష్యములని స్పష్టము చేసినది. ఇతరులు పంపినదానిని తుడిచివేయక, అధికారులకు తెలుపక దాచియుంచుట నేరము కాగలదని కూడ చెప్పినది. వాట్సాప్ గుంపులలో వచ్చినదెల్ల చూడక ముందునకు పంపు అలవాటు గలవారు ఈ మాటను ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను.

ఇంటనే చూచు చలనచిత్రములకు, ధారావాహికలకు 2021 ఫిబ్రవరి 25న వెలువడిన నియమములు ఐదు తరగతులను నిర్దేశించినవి. పదమూడేండ్లు, అంతకు పైబడిన తరగతుల దృశ్యములకు తల్లిదండ్రులు వేసికొనగల తాళమును సంస్థలు ఏర్పాటు చేయవలెను. పెద్దలకు మాత్రమే తగినదానికి వయోనిర్ధారణ పద్ధతి ఉండవలెను. ఆ తాళము నేడు అందుబాటులో ఉన్నది. ఐనను అది తనకు తాను పడదు, తల్లిదండ్రులు వేయవలెను.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము మరియొక వైపునుండి ఈ సమస్యను పట్టుకొన్నది. పదునెనిమిదేండ్లు నిండనివారి వివరములను స్వీకరించుటకు ముందు తల్లి గాని తండ్రి గాని ఇచ్చిన, రూఢిచేయదగిన సమ్మతి ఉండవలెనని విధించినది. పిల్లల అలవాట్లను వెన్నంటి కనిపెట్టుటను, వాని ఆధారముగా ప్రకటనలు చూపుటను నిషేధించినది. ఈ బాధ్యతలను మీరిన సంస్థకు రెండు వందల కోట్ల రూపాయల వరకు జుర్మానా పడవచ్చును. దీని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. ముఖ్యమైన బాధ్యతలకు పదునెనిమిది నెలల గడువు ఇచ్చిరి. దృశ్యమును మాత్రమే గాక, దృశ్యమును పసివాని ముందుకు నెట్టు లెక్కను కూడ శాసనము అదుపుచేయ పూనుట ఇందలి విశేషము.

ఇతర దేశముల అనుభవము

అమెరికాలో 1996లో, పిల్లలకు తగని మాటలను, దృశ్యములను అంతర్జాలమున ఉంచుటను నేరము చేయు శాసనము వచ్చినది. మరుసటి సంవత్సరమే అచటి సుప్రీంకోర్టు అందలి ముఖ్యభాగమును కొట్టివేసినది. పిల్లలను కాపాడు ప్రయత్నములో పెద్దల న్యాయమైన వాక్స్వాతంత్ర్యమును అది హరించుచున్నదని కోర్టు భావించినది. ఇరువదియెనిమిది సంవత్సరములు గడచినవి. 2025 జూన్ 27న అదే న్యాయస్థానము, అశ్లీల స్థానములలో ప్రవేశించువారి వయసును పరీక్షింపవలెనను టెక్సస్ రాష్ట్ర శాసనమును సమర్థించినది.

బ్రిటన్‌లో 2017 నాటి చట్టములోనే వయోపరీక్షను తలపెట్టిరి. అమలుచేయుట కష్టమై 2019లో ఆ పూనికను విడిచిరి. 2023లో కొత్త చట్టము చేసిరి. దాని ప్రకారము 2025 జులై 25నుండి అశ్లీల స్థానములు చూచువారి వయసును గట్టిగా నిర్ధారింపవలసియున్నది. తప్పిన సంస్థకు ప్రపంచవ్యాప్తపు రాబడిలో పదవవంతు వరకు జుర్మానా విధింపవచ్చును. ఆ నిబంధన అమలులోనికి రాగానే, వేరొక దేశమునుండి చూచుచున్నట్లు భ్రమ కల్పించు వి.పి.ఎన్. అను మారుదారిని వాడువారి సంఖ్య అచట ఒక్కసారిగా పెరిగినది.

ఆస్ట్రేలియా ఇంకొక అడుగు ముందునకు వేసినది. పదునారేండ్లు నిండనివారికి సామాజిక మాధ్యమములలో ఖాతా ఉండరాదని 2024 నవంబరులో చట్టము చేసినది. 2025 డిసెంబరు 10నుండి అది అమలులోనికి వచ్చినది. పిల్లలకు గాని, తల్లిదండ్రులకు గాని అందు శిక్ష లేదు. బాధ్యత అంతయు సంస్థలదే. తగిన చర్యలు తీసికొనని సంస్థకు దాదాపు ఐదు కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల వరకు జుర్మానా పడును.

ఈ అనుభవములన్నియు కలిపి చూచినచో రెండు సంగతులు తేలుచున్నవి. సంస్థలపై బాధ్యత మోపనిదే మార్పు రాదు అనునది మొదటిది. ఏ ద్వారమైనను పూర్తిగా మూతపడదు అనునది రెండవది. వయసును నిరూపించుటకు గుర్తింపు పత్రము అడిగినచో ఆ పత్రము పరుల చేతబడు భయము కలదు. ముఖమును చూచి యంత్రము వయసు అంచనా కట్టినచో, పదునైదేండ్లవానిని పదునెనిమిదేండ్లవానిగా పొరబడుట కలదు. కావున శాసనము అవసరమే. శాసనము ఒక్కటే చాలదు.

రెండు హెచ్చరికలు

ఇచట మరి రెండు పురాతన వృత్తాంతములు స్మరింపదగియున్నవి. మొదటిది శ్రీమద్రామాయణ బాలకాండలోని ఋశ్యశృంగ మహర్షిది. విభాండకుడు కుమారుని అడవిలో, లోకము కంటబడకుండ పెంచెను. కావలి అంతకన్న గట్టిగా ఎవరును పెట్టజాలరు. ఐనను రోమపాదుడు పంపిన వారకాంతలు ఆశ్రమమునకు వచ్చిన దినమున, ఆ పవిత్రమూర్తి వారిని గుర్తింపలేకపోయెను. వారిచ్చిన మోదకములను పండ్లని తలచి ఆరగించెను. ఆయన తపస్సునకు, పవిత్రతకు లోపము లేదు. దశరథునిచేత పుత్రకామేష్టి చేయించిన మహాత్ముడాయనయే. ఐనను పరిచయము లేని అమాయకత్వము కవచము కాదని ఈ కథ తెలుపుచున్నది. ఫోను ముట్టనీయక పెంచిన బాలుడు కళాశాల వసతిగృహమున అడుగిడిన నాడు ఏమగునో తల్లిదండ్రులు ముందుగానే ఆలోచింపవలెను. దూరముంచుట పసితనమున తగును. వయసు పెరుగుకొలది తెలియజెప్పుట కూడ జతపడవలెను.

రెండవది సప్తమస్కంధములోని హిరణ్యకశిపునిది. అతడు కూడ కుమారుడు వినదగినదేదో, వినదగనిదేదో నిర్ణయించెను. విష్ణుపక్షమువారు మారువేషమున వచ్చి బాలుని బుద్ధి మార్చకుండ గురుకులమున కట్టుదిట్టముగా కాపాడుడని ఆజ్ఞాపించెను. చండామర్కులను నియమించెను. ఆ కావలి బాలుని మేలు కొరకు పెట్టినది కాదు. తండ్రి అహంకారమును నిలుపుటకు పెట్టినది. కాపాడుట పేరిట పాలకుడు తనకు నచ్చనిదానినెల్ల మూయింపగలడని దీనివలన తెలియుచున్నది. ప్రశ్నించువారి భయము నిరాధారము కాదు. కనుకనే నిషేధింపదగినదేదో శాసనము స్పష్టముగా నిర్వచింపవలెను. ఆ నిర్ణయము న్యాయస్థానము ముందు పరీక్షకు నిలువవలెను. పెద్దల జ్ఞానస్వాతంత్ర్యము అనవసరముగా తగ్గరాదు. ఈ కావలి బాలుని కొరకా, కాపలాదారు కొరకా అని అడిగి చూచుటయే దానికి గీటురాయి.

అంతటి కట్టడిలో సైతము ప్రహ్లాదుని బుద్ధి చెదరలేదు. తల్లి గర్భమున ఉండగానే నారదుని ఆశ్రమమున విన్న మాటలు అతనిని కాపాడినవి. అంతేకాదు, గురువులు ఇంటి పనులకు పోయినప్పుడు తోడి బాలురను చేరదీసి అతడు బోధించినాడు, వారు విన్నారు. పిల్లలు పెద్దల మాటకన్న తోడి పిల్లల మాటను త్వరగా విందురు. మంచియైనను, చెడ్డయైనను ఆ త్రోవనే ప్రాకును. ఒక ఇంట జాగ్రత్త చాలదు. వీధిలోని నాలుగు ఇండ్లవారు కలిసి ఒక నియమము పెట్టుకొనుట మేలు.

గృహస్థుని కర్తవ్యము

శాసనము వాకిట నిలుచును; ఇంటిలోపల నిలువవలసినవారు తల్లిదండ్రులే. వారు చేయదగినవి కష్టసాధ్యములు కావు. పిల్లల వయసునకు తగినట్లు ఫోనులోని తాళములను, వేరు ఖాతాలను అమర్చుకొనవలెను. అవి తెలియనివారు తెలిసినవారిని అడుగుటకు సిగ్గుపడరాదు. పిల్లలు తెరను చూచుట అందరు తిరుగు చావడిలోనే జరుగవలెను. పడకగదిలో, దుప్పటి చాటున కాదు. రాత్రి నిద్రవేళ ఇంటిలోని ఫోనులన్నియు, పెద్దలవి కూడ, ఒక చోట చేరవలెను.

పెద్దలవి కూడ అను మాటను ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మన దేశమున పెక్కు కుటుంబములలో ఇంటికంతటికి ఒకటే ఫోను. తండ్రి రాత్రి చూచినదానిని యంత్రము మరువదు. ఉదయము కుమారుడు అదే ఫోనును పద్యము వినుటకు తెరచినప్పుడు, తండ్రి రుచినిబట్టియే దృశ్యములను వరుసగా ముందుంచును. పూర్వము తండ్రి నడత కుమారునకు కొంతవరకు కనబడకుండ ఉండగలిగెడిది. నేడు అది మరుగున ఉండదు. కావున ఇంట మొదటి నియంత్రణ పిల్లల చూపునకు కాదు, పెద్దల చూపునకు.

ఇన్ని జాగ్రత్తలు ఉన్నను ఏదో ఒక దినమున పసివాని కంట తగనిది పడును. ఆ దినమున తల్లిదండ్రులు చేయు పనియే అన్నిటికన్న ముఖ్యమైనది. కేకలు వేసి, కొట్టి, ఫోను లాగికొన్నచో వాడు నేర్చుకొనునది ఒకటే: ఇక చెప్పరాదు. దురుద్దేశము గల అపరిచితునకు కావలసినదియు ఆ మౌనమే. ఏమి చూచితివి, ఎవరు పంపిరి, భయమైనదా అని నెమ్మదిగా అడుగవలెను. తప్పు దృశ్యమును తయారుచేసినవానిది, పంపినవానిది. చూచిన పసివానిది కాదని చెప్పవలెను. ఎవరైనను బెదిరించుచున్నచో 1098 అను బాలల సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చును. జాతీయ సైబర్ నేరముల ఫిర్యాదు స్థానములో, పిల్లలపై దౌర్జన్యమును చూపు దృశ్యములనుగూర్చి పేరు చెప్పకయే ఫిర్యాదు చేయు వీలు కలదు.

పిలుపు

అజామిళోపాఖ్యానము ఒక చూపుతో పతనమై, ఒక పిలుపుతో ముగిసినది. మరణకాలమున భయవిహ్వలుడైన ఆ వృద్ధుడు, దూరమున ఆడుకొనుచున్న తన కడగొట్టు బిడ్డను ప్రేమతో పిలిచెను. విష్ణుదూతలు వచ్చిరి. చూచినవాడు చెడినవాడే, ఇక వానికి గతి లేదు అని భగవంతుడు త్రోసివేయలేదు. భగవంతుడే త్రోసివేయనప్పుడు, తెలియక చూచిన పసివానిని త్రోసివేయుటకు తల్లిదండ్రులకు అధికారము ఎక్కడిది?

నేడు పెక్కు ఇండ్లలో బిడ్డ దూరమున లేడు. ప్రక్క గదిలోనే ఉన్నాడు. ఐనను అతని మనస్సు ఎంత దూరమున ఉన్నదో ఎవరికిని తెలియదు. తండ్రియు తన తెరలో మునిగియున్నాడు. రాజ్యము శాసనము చేయును. న్యాయస్థానము తీర్పు చెప్పును. సంస్థలు తాళములు అమర్చును. పేరు పెట్టి పిలిచి, దగ్గర కూర్చుండబెట్టుకొని, ఈ దినము ఏమి చూచితివి నాయనా అని అడుగు పని మాత్రము ఇంటివారిదే. ప్రతిదినము సంధ్యాదీపము వెలిగించిన వేళ ఆ ఒక్క ప్రశ్న వినబడు ఇంట, పసివాని చూపునకు కావలి దొరికినట్లే.